గీత గీసేవాళ్ల చేతిలోనూ ఉంది గెలుపు

తెల్లవారుజామున అయిదున్నర. నంద్యాల ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. మైదానంలో మాత్రం అప్పటికే సందడి మొదలైపోతుంది. చెవులకు మఫ్లర్లు చుట్టుకుని నడిచే పెద్దవాళ్లు ఒకవైపు. చేతి గడియారం చూసుకుంటూ చుట్లు కొట్టే కుర్రాళ్లు మరోవైపు. ఆ కుర్రాళ్లలో చాలామందికి ఒలింపిక్స్ ఊసే పట్టదు. పోలీసు కానిస్టేబుల్ కావాలంటే 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. అమ్మాయిలైతే పదిన్నర నిమిషాల్లో. వాళ్ల లెక్క అదొక్కటే!

కళాశాలల మధ్య అథ్లెటిక్స్ పోటీలున్న రోజున ఈ దృశ్యంలో ఇంకో మనిషి కనిపిస్తాడు. ఒక చేతిలో తాడు, మరో చేతిలో సున్నం బకెట్టు. నేలలో మేకు పాతి, దానికి తాడు కట్టి, వంగి వంగి నడుస్తూ మలుపు గీస్తుంటాడు. ఆయనే ఫిజికల్ డైరెక్టరు. విద్యార్థుల భాషలో పీడీ సారు. ఎండెక్కేసరికి ఆ తెల్లగీతల మీద ఏ కళాశాల జెండా ఎగురుతుందో తేలిపోతుంది. అందరి కళ్లూ పరిగెత్తేవాళ్ల మీదే ఉంటాయి. గీత గీసినాయన్ని ఎవరూ చూడరు.

చూడాలి. ఎందుకంటే, ఆ గీత సరిగా లేకపోతే దాని మీద పరుగుకి విలువే లేదు. గడియారం నొక్కే వేలు తడబడితే ఏడాది కష్టం లెక్కలోకి రాదు. ఇదేదో చాదస్తం అనుకుంటే పొరపాటే. సాక్షాత్తూ మన విశాఖపట్నం అమ్మాయికే ఆ అనుభవం ఎదురైంది. ఆ సంగతికి వచ్చేముందు, నంద్యాల మైదానం నుంచి ప్రపంచ పోటీలకు దారి ఎటు పోతుందో ఓసారి చూద్దాం.

ఒకే ఊరు... నాలుగు జట్లు!

విశ్వవిద్యాలయాల ఆటలకు ఒక నిచ్చెన ఉంది. మొదటి మెట్టు కళాశాల. రెండోది అంతర్ కళాశాలల పోటీ. అక్కడ బాగా రాణించినవాళ్లతో విశ్వవిద్యాలయం జట్టు తయారవుతుంది. మూడో మెట్టు అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలు. భారత విశ్వవిద్యాలయాల సంఘం వీటిని నడిపిస్తుంది. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా పుట్టి, 1973లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ మెట్టుకు ఆనుకుని ఉన్న మరో మెట్టు. ఆ పైన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ఆ క్రీడల్లో భారత విద్యార్థులు 11 స్వర్ణాలు సహా 26 పతకాలు తెచ్చారు.

చెప్పుకోడానికి నాలుగైదు మెట్లే. కానీ మొదటి రెండు మెట్లూ దాటలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

నంద్యాల విద్యార్థికి ఇందులో ఒక తమాషా ఉంది. డిగ్రీ చదివే కుర్రాడు పరిగెడితే అది కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం ఖాతాలోకి వెళ్తుంది. అదే వీధిలో ఉండే అతని స్నేహితుడు ఇంజినీరింగ్ చదువుతుంటే అతను అనంతపురం జేఎన్‌టీయూ జట్టు వైపు చూడాలి. మహానందిలో వ్యవసాయ కళాశాల విద్యార్థిని ఆచార్య ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం తరఫున దిగుతుంది. మెడికల్ కళాశాల విద్యార్థి అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం. రోజూ పొద్దున్నే ఒకే మైదానంలో కలిసి పరిగెత్తే నలుగురు, అఖిల భారత పోటీలకు వెళ్లేసరికి నాలుగు రంగుల బనియన్లు వేసుకుని ఒకరితో ఒకరు పోటీపడాల్సిందే!

డిగ్రీ కళాశాలల సంగతే తీసుకుంటే ఈ నిచ్చెన చాలాసార్లు చోటు మారింది. 1954లో తిరుపతిలో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక సీమ విద్యార్థులకు అదే పెద్ద గుమ్మం. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2008లో కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆళ్లగడ్డ పిల్లలకు ఒకప్పుడు తిరుపతిలో ఉన్న గుమ్మం అనంతపురానికీ, అక్కణ్నుంచి కర్నూలుకీ జరిగింది. దూరం తగ్గింది, నిజమే. తగ్గాల్సింది దూరం ఒక్కటేనా?

పరిగెత్తింది... లెక్కకు రాలేదు

ఇప్పుడు విశాఖ అమ్మాయి సంగతి. యర్రాజి జ్యోతి. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లలోనూ, ఆసుపత్రిలోనూ పనిచేసేది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె ఎత్తు చూసి, ఈ పిల్ల హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. అక్కణ్నుంచి హైదరాబాద్, గుంటూరు, భువనేశ్వర్ శిక్షణ కేంద్రాల మీదుగా సాగింది ఆమె దారి.

2020 జనవరి. కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల అథ్లెటిక్స్ పోటీలు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో దిగింది. గీత దాటేసరికి గడియారం 13.03 సెకన్లు చూపించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ కదపలేని రికార్డును ఒక విద్యార్థిని సెకనులో మూడో వంతుకు పైగా వెనక్కి నెట్టేసింది!

కానీ రికార్డు పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. కారణం? జాతీయ రికార్డుగా గుర్తించాలంటే డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగాలి. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ ఉండాలి. మూడబిద్రిలో ఆమెకు పరీక్ష జరగలేదు. ప్రతినిధీ లేరు. అంతే! పరుగులో తప్పు లేదు. పరుగెత్తినమ్మాయిలోనూ తప్పు లేదు. చుట్టూ ఉండాల్సిన ఏర్పాట్లలోనే లోటు.

కథ అక్కడితో అయిపోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో ఆమె 13.09 సెకన్లలో పరిగెత్తింది. మళ్లీ రికార్డు కంటే మెరుగే. ఈసారి గాలి అడ్డొచ్చింది. కాదు కాదు, గాలి సాయం చేసింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్ల లోపు ఉంటేనే రికార్డు చెల్లుతుంది. ఆ రోజు గాలి వేగం 2.1 మీటర్లు. ఒక్క పదోవంతు ఎక్కువ!

చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో జాతీయ రికార్డు ఆమె పేరిట నమోదైంది. గమనించారా? మూడబిద్రిలో పరిగెత్తిన దానికంటే ఇది నెమ్మదైన పరుగు. వేగంగా పరిగెత్తిన రెండుసార్లూ లెక్కకు రాలేదు. నెమ్మదిగా పరిగెత్తింది రికార్డైంది. రెండేళ్ల నాలుగు నెలల తేడాతో!

జ్యోతి ఆగలేదు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత 13 సెకన్ల గడప దాటింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్ అయింది. అదే ఏడాది చెంగ్డూ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం సాధించింది. 2024లో పారిస్ వెళ్లి, ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన తొలి భారతీయురాలిగా నిలిచింది. 2025లో గుమిలో ఆసియా స్వర్ణాన్ని నిలబెట్టుకుంది.

మరి మూడబిద్రి నుంచి ఇంటికొచ్చి, ‘ఇంత చేసినా లెక్కలోకి రాకపోతే ఇంకెందుకు?’ అని స్పైక్స్ గోడకు తగిలించేసి ఉంటే? అలా తగిలించేసిన స్పైక్స్ మన ఊళ్లలో ఎన్ని గోడలకు ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు?

చెవితో కాదు... కంటితో!

అఖిల భారత పోటీలకే అలాంటి లోటు ఉంటే చిన్న ఊళ్ల పోటీల సంగతి చెప్పేదేముంది అనిపించొచ్చు. నిజానికి ఇక్కడ కావలసినవాటిలో చాలా వాటికి డబ్బుతో పనిలేదు. శ్రద్ధ చాలు.

గడియారం సంగతే చూడండి. చాలాచోట్ల ఇప్పటికీ చేతి స్టాప్‌వాచీలే దిక్కు. పరుగు మొదలుపెట్టే ఆయన అటు చివర నిలబడి తుపాకీ పేల్చడమో, రెండు చెక్కల క్లాపర్ కొట్టడమో చేస్తాడు. గడియారం పట్టుకున్నాయన 100 మీటర్ల ఇవతల గీత దగ్గర ఉంటాడు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఆ ‘ఠాప్’ ఈయన చెవిన పడేసరికి సెకనులో దాదాపు మూడు పదోవంతులు గడిచిపోతాయి. ఆలోపు పిల్లలు పరుగు అందుకుంటారు. అందుకే చప్పుడు విని కాదు, పొగనో మెరుపునో చూసి, క్లాపర్ చెక్కలు కలవడం చూసి మీట నొక్కాలన్నది నియమం. చెవిని నమ్మినాయన గడియారంలో ప్రతి పిల్లా ఉన్నదానికంటే వేగంగా కనిపిస్తుంది.

‘వేగంగా కనిపిస్తే మంచిదేగా?’ అంటారా? అక్కడే ఉంది చిక్కు. 12.2 సెకన్లని రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆ పిల్ల పెద్ద పోటీకి వెళ్తుంది. అక్కడ ఎలక్ట్రానిక్ గడియారం 12.7 చూపిస్తుంది. తను వెనకబడ్డాననుకుంటుంది. శిక్షణ పనిచేయలేదనుకుంటుంది. నిజానికి ఆమె పరుగు తగ్గలేదు. మొదటి కాగితమే తప్పు! ప్రేమతో రాసినా అబద్ధపు అంకె, పిల్లలకు చేసే మేలు కాదు.

చేతి గడియారాలకూ చక్కని పద్ధతులున్నాయి. మొదటి స్థానానికి ముగ్గురు సమయం పడతారు. ఇద్దరి లెక్క కలిస్తే అదే ఖాయం. ముగ్గురివీ వేరువేరైతే మధ్యదాన్ని తీసుకుంటారు. 11.11 వస్తే 11.1 కాదు, పైకి సవరించి 11.2 అని రాయాలి. చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చేటప్పుడు 100 మీటర్ల పరుగుకు 0.24 సెకను కలిపి చూడటం వాడుకలో ఉన్న లెక్క.

ఇంత సన్నని లెక్కలెందుకంటే పీటీ ఉషను తలచుకోవాలి. 1984 లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఉష 55.42 సెకన్లు. మూడో స్థానంలో నిలిచిన రుమేనియా అమ్మాయి 55.41. సెకనులో నూరోవంతు! ఆ తేడాను ఏ చేతి గడియారమూ పట్టలేదు. అక్కడ కెమెరా ఉంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు. ఉష ఓడింది. కానీ ఎంత తేడాతో ఓడిందో ప్రపంచానికి కచ్చితంగా తెలిసింది. ఆ కచ్చితత్వమే ఆమెను నాలుగు దశాబ్దాలుగా గుర్తుండేలా చేసింది.

ఇక సున్నం గీత. 400 మీటర్ల ట్రాక్‌లో మొదటి వరుసను లోపలి అంచు మీద కొలవకూడదు. అంచు గట్టు నుంచి 30 సెంటీమీటర్లు ఇవతల, పరిగెత్తే కాళ్లు పడే చోట కొలవాలి. ఒక చుట్టు పరుగులో రెండో వరుసవాళ్లను 7 మీటర్ల 4 సెంటీమీటర్లు ముందు నిలబెట్టాలి. ఎనిమిదో వరుసకొచ్చేసరికి అది 53 మీటర్లు దాటుతుంది. చూసేవాళ్లకు ‘వాణ్ని అంత ముందెందుకు నిలబెట్టారు?’ అనిపిస్తుంది గానీ, అందరికీ సరిగ్గా 400 మీటర్లే రావాలంటే అదే దారి.

చుట్టులో నాలుగు మీటర్లు తగ్గిందనుకోండి. అబ్బే, నాలుగు మీటర్లేగా? 5000 మీటర్ల పరుగంటే పన్నెండున్నర చుట్లు. మొత్తం 50 మీటర్లు తగ్గిపోతుంది. మంచి కళాశాల విద్యార్థికి అది దాదాపు పది సెకన్ల తేడా. పీడీ సారు తాడు వదులుగా పట్టుకుంటే ఆ కుర్రాడు తనకు లేని పది సెకన్లను తన బలమనుకుంటాడు!

గడియారం అక్కర్లేని పరుగు

ఇన్ని కొలతలూ మాకెక్కడ కుదురుతాయి అనుకునే ఊళ్లకూ ఓ పరుగుంది. దాని పేరు క్రాస్‌కంట్రీ. దీనికి సింథటిక్ ట్రాక్ వద్దు. వరుసలు వద్దు. పొలాల గట్లు, మట్టిబాటలు, ఎత్తుపల్లాలు... ఇదే ట్రాక్. ఏ రెండు దారులూ ఒకేలా ఉండవు కాబట్టి గడియారం చూపించే సమయానికి అంత విలువ లేదు. ఎన్నో స్థానంలో వచ్చారన్నదే ముఖ్యం.

ఆళ్లగడ్డ, నంద్యాల పరిసరాలు దీనికోసమే పుట్టినట్టుంటాయి. తూర్పున నల్లమల. కేసీ కాలువ గట్లు. శనగ, పత్తి పండే నల్లరేగడి చేలు. రేగడి నేల సంగతి అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడితే బూటుకు శేరు మట్టి అంటుకుంటుంది. ఎండితే నెర్రెలిచ్చి మడమ పట్టేస్తుంది. ఆ నేల మీద సాధన చేసిన కాలికి గట్టి బాట మీద పరుగు తేలిగ్గా ఉంటుంది.

ఇందులో జట్టు లెక్క ఇంకా బావుంటుంది. ప్రపంచ పోటీల పద్ధతిలో ఒక జట్టు నుంచి ఆరుగురు పరిగెత్తుతారు. మొదట వచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే విజేత. ఒక జట్టులో ఇద్దరు మెరికలున్నారనుకోండి. 1, 2 స్థానాలు కొట్టేశారు. మిగతా ఇద్దరూ 20, 30 స్థానాల్లో వచ్చారు. మొత్తం 53. ఇంకో జట్టులో మెరికలెవరూ లేరు. నలుగురూ కలిసికట్టుగా 7, 9, 11, 13 స్థానాల్లో వచ్చారు. మొత్తం 40. కప్పు వీళ్లది! ఒక్క గొప్ప పరుగువీరుణ్ని తయారుచేయడం చిన్న కళాశాలకు కష్టం. రోజూ కలిసి సాధన చేసే నలుగురిని తయారుచేయడం ఏ ఊరికైనా సాధ్యమే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఎండ. ఒకప్పుడు క్రాస్‌కంట్రీ ఒలింపిక్స్‌లోనూ ఉండేది. 1924లో పారిస్‌లో జరిగిన పరుగే ఆఖరిది. ఆ రోజు ఎండ మండిపోయింది. 38 మంది మొదలుపెడితే 15 మందే గీత దాటారు. ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మి ఏమీ జరగనట్టు గెలిచాడు గానీ, దారిపొడవునా కూలిపోయినవాళ్లను చూసి నిర్వాహకులు హడలిపోయారు. మళ్లీ ఒలింపిక్స్‌లో ఆ పోటీ జరగలేదు. వేసవిలో 44, 45 డిగ్రీలు చూసే నంద్యాలకు ఆ పాఠం వేరే చెప్పాలా? పోటీ చలికాలంలో పెట్టినా సరే, పొద్దెక్కకముందే ముగించాలి. దారిలో నీళ్లుండాలి. ముగింపు గీత దగ్గర నీడ, ప్రథమ చికిత్స ఉండాలి. ప్రారంభోత్సవానికి అతిథి రావడం ఆలస్యమైందని పిల్లల్ని పదకొండు గంటల ఎండలో నిలబెడితే, కొలత తప్పినదాని కంటే అది పెద్ద తప్పు.

అమ్మాయిలకు అంత దూరం ఎందుకన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. ఇది మన ఊళ్ల మాటే కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళలు 800 మీటర్లు పరిగెత్తారు. ఆ కాస్త దూరం కూడా ఆడవాళ్లకు ఎక్కువన్నారు. తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో! అక్కణ్నుంచి లోకం చాలా దూరం వచ్చింది. ప్రపంచ క్రాస్‌కంట్రీ పోటీల్లో ఒకప్పుడు మగవాళ్లకు 12 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 8 ఉండేది. 2017 కంపాలా పోటీల నుంచి ఇద్దరికీ ఒకటే... 10 కిలోమీటర్లు.

ఇంట్లో అడగాల్సిన మాటలు

ఆళ్లగడ్డలో డిగ్రీ చదివే ఓ అమ్మాయి అంతర్ కళాశాలల పోటీలకు ఎంపికైందనుకోండి. ఇంటికొచ్చి చెబితే అమ్మ అడిగే మొదటి మాట ‘పతకం వస్తుందా?’ అని కాదు. ‘సాయంత్రం తిరిగి రావడానికి బస్సు దొరుకుతుందా పాపా?’ అని. అది భయంతో అడిగే మాట. న్యాయమైన మాట కూడా. దానికి జవాబు చెప్పాల్సింది పాప కాదు. కళాశాల. ఎన్ని గంటలకు బయల్దేరతారు? వెంట మహిళా అధ్యాపకులెవరైనా ఉంటారా? ఆలస్యమైతే బస ఎక్కడ? ఈ మూడింటికీ పోటీకి ముందే జవాబు దొరికితే చాలా ఇళ్లలో ‘వద్దు’ అన్న మాట ‘సరే, జాగ్రత్త’గా మారిపోతుంది. పోటీ మధ్యాహ్నానికే ముగించేలా పట్టిక వేయడం కూడా ఆడపిల్లలకు చేసే సాయమే.

రెండో మాట చదువుది. పోటీల రోజులు పరీక్షల మీద పడకుండా చూడటం, పోయిన పాఠాలు మళ్లీ చెప్పించడం కళాశాల చేతిలోని పనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చిన అగసర నందిని అప్పటికి తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాల విద్యార్థిని. నాన్నది టీ కొట్టు. చదువు మానకుండానే అక్కడిదాకా వెళ్లింది.

మూడో మాట కాగితానిది. పోటీ అయిపోగానే పతకంతో ఫొటో దిగి వచ్చేస్తారు. ధ్రువపత్రం చదివేవాళ్లు తక్కువ. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందా? ఏ అంశం, ఎన్నో స్థానం, ఏ విద్యాసంవత్సరం అన్నవి రాశారా? సంతకం, ముద్ర ఉన్నాయా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3 అని ప్రత్యేకంగా ఒకటుంది. దాని మీద విశ్వవిద్యాలయ క్రీడా విభాగం సంతకం ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అయిదేళ్ల తర్వాత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఒక్క అక్షరం తేడా కోసం విశ్వవిద్యాలయం చుట్టూ తిరగడం కంటే, మైదానంలోనే ఓ నిమిషం ఆగి చదువుకోవడం మేలు కదా!

నాలుగోది మందుల మాట. ‘ఇది తాగితే దమ్ము పెరుగుతుంది’ అంటూ ఎవరో ఇచ్చే పొడులు, ఇంజెక్షన్లు వద్దే వద్దు. జ్వరానికో, దగ్గుకో మందు వాడినా పోటీల్లో పాల్గొంటున్నామని డాక్టరుకు చెప్పాలి. డోపింగ్ పరీక్ష జరగక జ్యోతి రికార్డు పోయింది. పరీక్షలో దొరికిపోతే పోయేది రికార్డు ఒక్కటే కాదు, ఆట మొత్తం.

ఇవన్నీ అడిగే తల్లిదండ్రుల్ని ‘పేచీ పెట్టేవాళ్లు’ అనుకోకూడదు. వాళ్లు కూడా కొలత చూస్తున్నట్టే లెక్క.

కొలత తెలిసిన ఊరు

నంద్యాల నుంచి కడప వెళ్లే రహదారిలో ఆళ్లగడ్డ చేరగానే ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. దేవతామూర్తుల్ని చెక్కే శిల్పులకు పేరున్న ఊరది. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, మిగతా దేహమంతా దానితో లెక్కకట్టడం శిల్పశాస్త్రం చెప్పే పద్ధతి. రాయి ఎంత మంచిదైనా, పనితనం ఎంత గొప్పదైనా కొలత తప్పితే ఆ విగ్రహం గర్భగుడికి పనికిరాదు. శిల్పి అందుకే ఉలి పట్టేముందు దారం పట్టుకుంటాడు.

ఆ ఊరికి కొలత విలువ కొత్తగా నేర్పక్కర్లేదు. శిలకిచ్చే ఆ శ్రద్ధనే కాలికీ ఇస్తే చాలు. తాడు బిగువుగా పట్టే ఓ పీడీ, చెవిని కాక కంటిని నమ్మే ముగ్గురు టైమ్‌కీపర్లు, అతిథి రాకపోయినా వేళకు పోటీ మొదలుపెట్టే ఓ ప్రిన్సిపాల్, బస్సు సంగతి ముందే చెప్పే ఓ అధ్యాపకురాలు. వీళ్లెవరికీ పతకాలు రావు. పేపర్లో పేర్లూ పడవు. కానీ వీళ్లు తమ పని సరిగా చేసిన రోజున ఆళ్లగడ్డ అమ్మాయి చేతిలో పడే అంకె, కర్నూలులోనైనా చెంగ్డూలోనైనా అదే అంకె.

పొద్దున గీసిన సున్నం గీత సాయంత్రానికి వందల కాళ్ల కింద పడి చెరిగిపోతుంది. దాని మీద సరిగా కొలిచి రాసిన అంకె మాత్రం ఆ అమ్మాయితో పాటే ఉంటుంది.